ఫ్రిట్జ్ వాల్టర్ వాన

మాన్‌హైమ్‌లో రైలు మారి కైజర్‌స్లౌటర్న్‌లో దిగేసరికి తుంపర మొదలైంది. గొడుగేమో మొదటి రైల్లోనే మర్చిపోయాను. స్టేషన్ వెనకాలే బెట్జెన్‌బెర్గ్ గుట్ట, దాని నెత్తిన ఫ్రిట్జ్ వాల్టర్ ఫుట్‌బాల్ స్టేడియం. ఇవాళే పడాలా ఈ వాన అని విసుక్కుంటూ ఎక్కుతుంటే, ఎర్ర మఫ్లర్ చుట్టుకున్న ఓ పెద్దాయన ఆకాశం వైపు వేలు చూపించి నవ్వాడు. “ఫ్రిట్జ్ వాల్టర్ వెటర్!”

వెటర్ అంటే వాతావరణం. ఇలాంటి ముసురుకి జర్మన్లు తమ ఒకప్పటి ఫుట్‌బాల్ కెప్టెన్ పేరే పెట్టుకున్నారు. 1920లో ఈ ఊళ్లోనే పుట్టిన ఫ్రిట్జ్‌కి యుద్ధంలో మలేరియా వచ్చింది. ఆ తర్వాత ఎండలో ఆడితే నీరసపడిపోయేవాడు, వాన పడితే మాత్రం చెలరేగిపోయేవాడు. జ్వరమొస్తే మా అమ్మ నన్ను వాకిట్లోకి కూడా రానిచ్చేది కాదు. ఈయనకేమో వానే మందు!

యుద్ధం చివర్లో సోవియట్ సేనలకు బందీగా చిక్కాడు. క్యాంపులో కాపలావాళ్లతో బంతి ఆడుతుంటే, ఒకప్పుడు అతని ఆట చూసిన హంగేరీ కాపలాదారు గుర్తుపట్టి, సైబీరియా పంపకుండా అడ్డుపడ్డాడని చెబుతారు. తొమ్మిదేళ్లు తిరిగేసరికి, 1954 జూలై 4న, బెర్న్‌లో ప్రపంచకప్ ఫైనల్. ఎదురుగా అదే హంగేరీ! గ్రూప్ మ్యాచ్‌లో జర్మనీని 8-3తో చిత్తుచేసిన జట్టు. ఆ రోజు కూడా ఎనిమిది నిమిషాల్లోనే 2-0. కానీ వాన పడుతోంది. అడిడాస్ స్థాపకుడు ఆడీ డాస్లర్ చేసిన బూట్ల అడుగున మరలతో బిగించే పొడవాటి స్టడ్స్ (మేకుల్లాంటి బుడిపెలు) ఉన్నాయి, బురదలో కాలు జారదు. చివరికి జర్మనీ 3-2. కప్పు అందుకునేటప్పటికి ఫ్రిట్జ్‌కి 33 ఏళ్లు. ఆ పదకొండు మందిలో ఐదుగురు ఈ ఊరి క్లబ్‌వాళ్లే, అందులో ఒకరు సొంత తమ్ముడు ఓట్మార్.

నన్ను ఎక్కువగా పట్టేసింది ఫైనల్ కాదు. స్పెయిన్ క్లబ్ అట్లెటికో మాడ్రిడ్ పెద్ద మొత్తం ఇస్తామన్నా ఈ గుట్ట దిగలేదు చూడండి, అది. ఆడినన్నాళ్లూ ఒకే క్లబ్, 1951లో, 1953లో జాతీయ ఛాంపియన్. బతికుండగానే, 1985లో, స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. సొంతూళ్లో ప్రపంచకప్ మ్యాచ్ చూడాలని ఆశపడ్డాడు గానీ 2002 జూన్ 17న పోయాడు. సరిగ్గా నాలుగేళ్లకి, అదే తేదీన, ఇక్కడే ఇటలీ, అమెరికా ఆడాయి.

మ్యాచ్ లేని రోజు కాబట్టి గేట్లు మూసే ఉన్నాయి. కమ్మీల సందులోంచి కాస్త పచ్చిక, ఎర్ర కుర్చీలు కనిపించాయి. అంతే చూశాను, అరగంట అక్కడే నిలబడి. దిగేటప్పుడు మలుపులో సర్రున జారి కూర్చున్నాను. లేచి బూటు తిప్పి చూసుకుంటే, అడుగు నున్నగా అరిగిపోయి ఉంది.