ఏడు నెలల కారు

విజయనగరంలో కొన్న షోరూముకే ఏడు నెలలకి మా కారు తిరిగి అమ్మేశాను. ఉద్యోగం పోయాక నెలకి 13 వేల వాయిదా నావల్ల కాలేదు. పైడితల్లి అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించినప్పుడు అమ్మ పెట్టిన పసుపు బొట్టు స్టీరింగ్ మీద ఇంకా అలాగే ఉంది, అది చూశాక తాళాలు ఇవ్వబుద్ధి కాలేదు.

లోను 8 లక్షలు. ఏడు వాయిదాల్లో 91 వేలు కడితే అసలు తగ్గింది 48 వేలే, మిగతాది వడ్డీ! షోరూము వాళ్లిచ్చిన రేటు బ్యాంకు బాకీకి 40 వేలు తక్కువైతే ఆ తేడా అమ్మ గాజులు తాకట్టు పెట్టి కట్టాం.

అమ్మేవాళ్లు ముందు బ్యాంకులో ఫోర్‌క్లోజర్ లెటర్ (లోను మొత్తం తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే కాగితం) తీసుకోండి, బేరం ఆ తర్వాతే. బాకీ తీరాక బ్యాంకు నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్), లోను ముగిసిందని తెలిపే ఫారం 35 తీసుకుని ఆర్సీలో హైపోథికేషన్, అంటే కారు బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు, తీయించాలి, ఆర్సీ వేరే పేరుకి మారేదాకా వదలకండి, అప్పటిదాకా చలానా వచ్చినా మీ పేరుకే. నేను వారానికోసారి ఫోన్ చేస్తున్నాను, ఇంకా మారలేదు.