డ్యూరర్ చేతులతో ఒక వేసవి: నకలు గీయడంలో నా అనుభవం

గొప్ప చిత్రకారుల బొమ్మలకు నకళ్లు గీస్తే చెయ్యి తిరుగుతుందంటారు. నేను చూసినంతలో ముందు తిరిగేది కన్ను. గంట కూర్చుంటే అందులో సగం కొలతలకూ పోలికలకూ పోవాలి, పెన్సిల్ ఆడేది మిగతా సగమే. అలా కాకుండా నేరుగా షేడింగ్‌లోకి దిగితే సెలవుల మొదట్లో వేసిన బొమ్మకీ చివర్లో వేసిన బొమ్మకీ తేడా ఒక్కటే ఉంటుంది: రెండోది ఇంకాస్త నల్లగా ఉంటుంది.

మొదటి బొమ్మగా జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1508లో వేసిన ‘ప్రార్థించే చేతులు’ తీసుకున్నాను. అసలుది వియన్నాలోని అల్బర్టీనా మ్యూజియంలో ఉంది. దీన్నే తీసుకోవడానికి కారణం కొలత. అది 29.1 × 19.7 సెంటీమీటర్లు, ఏ4 కాగితం 29.7 × 21. అంటే వీధి చివర జిరాక్స్ షాపులోనే డ్యూరర్ గీసిన సైజులో ప్రింటు వస్తుంది. కాకపోతే ప్రింటర్లు మార్జిన్ కోసం వాటంతట అవే బొమ్మను కుదిస్తాయి. ‘యాక్చువల్ సైజ్’ పెట్టమని అడిగి, వచ్చాక స్కేలుతో కొలిచి చూడాలి. అంచులు కొంచెం తెగినా చేతులకు ఏమీ కాదు. నిగనిగలాడే ఫొటో పేపర్ వద్దు, కిటికీ వెలుగు దాని మీద తళుక్కుమంటుంది. ఫోన్ తెర చూసి గీయడమూ వద్దు, జూమ్ చేసిన ప్రతిసారీ కొలత మారిపోతుంది.

ప్రింటునూ కాగితాన్నీ ఒకే అట్ట మీద పక్కపక్కన, పై అంచులు సమానంగా ఉండేలా క్లిప్పులతో బిగించాలి. ప్రింటు గోడకీ కాగితం బల్ల మీదా పెడితే, కాగితం పై భాగం కంటికి కుంచించుకుపోయినట్టు కనబడుతుంది. దాన్ని సరిచేస్తున్నాననుకుంటూ చెయ్యి బొమ్మను నిలువునా సాగదీస్తుంది. వేళ్లు ఎందుకు పొడుగొచ్చాయో తెలియక తలపట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు సమస్య ఇదే.

ముందు నాలుగే గుర్తులు: అన్నిటికన్నా పైనున్న వేలికొస, చొక్కా చేతిమడత కింది అంచు, ఎడమ చివర, కుడి చివర. దారాన్ని రెండు కాగితాల మీదుగా అడ్డంగా లాగి పట్టుకుంటే ఎత్తులు సరిపోయాయో లేదో ఇట్టే తెలుస్తుంది. తర్వాత హెచ్‌బి పెన్సిల్‌తో, నొక్కకుండా, అన్నీ సరళరేఖలే. వంపు ఉన్నచోట కూడా రెండు మూడు చిన్న గీతలుగా విరిచి వేయాలి, ఎందుకంటే వంపులో తప్పు దాక్కుంటుంది, సరళరేఖలో దాక్కోలేదు. ఈ పద్ధతిని ఫ్రెంచి చిత్రకారుడు చార్ల్ బార్గ్ ప్లేట్లలో, అంటే చూసి గీయడం నేర్చుకోవడానికి అచ్చువేసిన బొమ్మల్లో, చూడొచ్చు. మరో ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్‌తో కలిసి ఆయన 1866 నుంచి 1871 దాకా తెచ్చిన 197 ప్లేట్లవి. చాలావాటిలో ఒక పక్క గీతల చట్రం, రెండో పక్క పూర్తయిన బొమ్మ ఉంటాయి. వాన్ గో కూడా వీటిని చూసే సాధన చేశాడు. వేళ్ల దగ్గరికొచ్చేసరికి వేలిని కాదు, వేళ్ల మధ్య సందును గీయాలి. వేలు ఎలా ఉంటుందో మనకు ముందే తెలుసు, ఆ తెలిసిందే కన్నును చూడనివ్వదు.

ట్రేసింగ్ పేపర్ వాడొచ్చు, కానీ గీయడానికి కాదు, దిద్దడానికి. చట్రం పూర్తయ్యాక ప్రింటు అంచులను ట్రేసింగ్ మీదికి ఎక్కించి మన బొమ్మ మీద పరచాలి. తప్పులన్నీ ఒకే వైపుకి జరిగి ఉంటే కూర్చున్న తీరులో లోపం. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే తొందర.

డ్యూరర్ నీలి రంగు పూసిన కాగితం మీద కుంచెతో నలుపు, తెలుపు వేశాడు. నడిమి ఛాయ కాగితానిదే. తెల్ల డ్రాయింగ్ కాగితం మీద ఆ పని కుదరదు కనుక బూడిద రంగు పేస్టల్ షీట్ మంచిది: నీడలకు 2బి, 4బి, వెలుగుకు తెల్ల పెన్సిల్. రెండూ ఎక్కడా కలవకూడదు. పెన్సిల్ నలుపు మీద తెలుపు పడితే నీలంగా, మురికిగా మారి ఇక తుడిచినా పోదు. మధ్యలో సన్నగా కాగితాన్ని వదిలేయాలి. వేలితో రుద్దడం మానేసి గీతల దిశ చూడండి. గాజులా వేలి గుండ్రదనాన్ని చుట్టుకుంటూ పోతాయవి. అదే గీత తిన్నగా వేస్తే వేలు బల్లపరుపు అవుతుంది.

వెలుతురు గురించి ఒక్క మాట. యూరప్ పుస్తకాలన్నీ ఉత్తరం కిటికీ మంచిదంటాయి, ఎండ నేరుగా పడదని. మన దగ్గర మే మధ్య నుంచి జులై చివరి దాకా సూర్యుడు ఉత్తరం పక్కనే నడుస్తాడు. పొద్దున, సాయంత్రం ఉత్తరం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా వచ్చి బొమ్మ మీద పడుతుంది. ఆ రోజుల్లో దక్షిణం కిటికీయే నయం. ఇక చెమట: అరచెయ్యి తగిలినచోట కాగితం జిడ్డెక్కి పెన్సిల్ పట్టదు. చేతి కింద ఎప్పుడూ ఒక తెల్ల కాగితం ముక్క ఉండాలి, దాన్ని రోజూ మార్చాలి.

నకలు అయిపోయిన మర్నాడు, దేన్నీ చూడకుండా అదే బొమ్మ మళ్లీ వేయాలి. చెయ్యి ఆగిపోయిన చోటు మనకు అర్థం కాని చోటు. ఎక్కువగా అది మణికట్టే. ఆ భాగం ఒక్కటే మళ్లీ ప్రింటు చూసి వేస్తే సరిపోతుంది, మొత్తం బొమ్మ అక్కర్లేదు.

తర్వాతి మెట్టు పెన్ను, ఎందుకంటే అక్కడ రబ్బరు పనికిరాదు. దీనికి డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బాగుంటాడు. యాభై ఏళ్ల వయసులో, పేరు ప్రఖ్యాతులన్నీ వచ్చాక, ఆయనే మన మొఘల్ సూక్ష్మచిత్రాలకు ఇరవైకి పైగా నకళ్లు గీశాడు. భంగిమ, తలపాగా, జామా (పొడుగు అంగీ) ఉన్నదున్నట్టు తీసుకున్నాడు, గీత మాత్రం తనదే.

మన పిల్లలు మొదటే పట్టుకునేది బాపుని. నేనైతే చివరికి ఉంచుతాను. ఆ ఒక్క గీత కింద భుజం ఎముక, నడుం తిరుగుడు అన్నీ ఉంటాయి. అవి తెలియకుండా ఎత్తుకుంటే పెద్ద కళ్లూ వాలుజడా మాత్రమే వస్తాయి. డ్యూరర్ చేతులు, నాలుగైదు బార్గ్ ప్లేట్లు అయ్యాక బ్రష్షుతో, సిరాతో మొదలుపెడితే గీత ఎక్కడ లావెక్కుతోందో, ఎందుకు లావెక్కుతోందో కనబడుతుంది.