మా గన్నవరం ఎమ్మెల్యే సుందరయ్య గారు

సావనీర్‌కి ఏదైనా రాయమని మన బ్యాచ్ గ్రూప్‌లో అడిగితే అందరూ మాస్టార్ల గురించీ హాస్టల్ అల్లరి గురించీ రాస్తామన్నారు, నేను మాత్రం మనం హైస్కూల్లో ఉన్నప్పుడు మన ఎమ్మెల్యేగా ఉన్న పుచ్చలపల్లి సుందరయ్య గారి గురించి రాస్తా అన్నా. మన పిల్లలకి ఆయనంటే సైకిల్ మీద పార్లమెంటుకి వెళ్ళినాయన, అంతే. అది నిజమే గానీ అక్కడితో ఆపేస్తే చాలా పోతుంది.

ఆయనది మన జిల్లా కాదు. 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు, చిన్నప్పుడే నాన్న పోతే అక్కాబావల దగ్గర ఉండి బావగారి ఉద్యోగం ఎటు బదిలీ అయితే అటు స్కూళ్ళు మారుతూ చదువుకున్నారు. పేరు చివర రెడ్డి తీసేశారు, వాటాకొచ్చిన ఆస్తి కమ్యూనిస్టు పార్టీకిచ్చేశారు.

మామూలుగా ఎవరైనా ఎమ్మెల్యే అయ్యి తర్వాత ఢిల్లీ వెళ్ళాలని చూస్తారు కదా, ఈయన రివర్స్. 1952లో రాజ్యసభకి వెళ్ళి అక్కడ కమ్యూనిస్టు గ్రూపు నాయకుడిగా ఉండి, 1955లో గన్నవరం వచ్చి అసెంబ్లీకి నిలబడ్డారు. ఆ ఎన్నికల సంగతి మన పెద్దవాళ్ళు కథలు కథలుగా చెప్పేవాళ్ళు. ఆంధ్ర రాష్ట్రం మొత్తం 196 సీట్లలో కమ్యూనిస్టులకి వచ్చింది 15, అధికారం మాదే అనుకున్న పార్టీ అలా కుప్పకూలింది, ఆ 15లో మన గన్నవరం ఒకటి! నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే గర్వంగా ఉంటుంది. 1962లో కూడా ఆయన్నే గెలిపించాం.

1964లో పార్టీ చీలాక సీపీఎంకి మొదటి జనరల్ సెక్రటరీ ఆయనే. ఎమర్జెన్సీ టైంలో పార్టీ లైన్ నచ్చక ఆ పదవి వదిలేశారు. దేశం మొత్తానికి పార్టీని నడిపిన మనిషి మళ్ళీ వచ్చి 1978లో మన దగ్గర ఎమ్మెల్యేగా నిలబడ్డారంటే, ఎమ్మెల్యే పని చిన్నదని ఆయన అనుకోలేదన్నమాట. దానికి మూడు నెలల ముందే, 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన. అప్పుడు కూడా వాలంటీర్లతో సహాయం పనుల్లోకి దిగారు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఆయన చదువు. మన ప్రాంతం సంగతి తెలిసిందే, ఒకవైపు ఏలూరు కాలవ కింద మాగాణి, ఇంకోవైపు వానొస్తేనే పంట అనే మెట్ట. నీళ్ళ గురించి ఎవరైనా ఆవేశంగా మాట్లాడొచ్చు, ఆయన మాత్రం కృష్ణా గోదావరి నీళ్ళు మొత్తం రాష్ట్రానికి ఎలా సర్దాలో కూర్చుని లెక్కలు కట్టి రాశారు. ప్రజాప్రతినిధి అంటే ముందు సబ్జెక్టు చదవాలి అనే పట్టుదల అది, ఇవాళ కరువైంది కూడా అదే.

1985 మే 19న పోయారు. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరు మీద సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఉంది, ఆయన సేకరించిన పుస్తకాలు కూడా అక్కడి లైబ్రరీలో ఉన్నాయి, సిటీలో ఉన్నవాళ్ళు ఒకసారి పిల్లల్ని తీసుకెళ్ళండి. ఇంకో మాట, మన అలుమ్ని ఫండ్‌లో కొంత పెట్టి ఆయన అసెంబ్లీ ప్రసంగాల కాపీలు సంపాదించి స్కూల్ లైబ్రరీలో పెడదాం, ఎవరు ముందుకొస్తారో గ్రూప్‌లో చెప్పండి, నా వంతు నేను రెడీ.