బల్ల మీద లూర్దు గుహ: జనవరి దాకా అయిన పని

ఫ్రాన్సులోని లూర్దులో మరియ మాత దర్శనమిచ్చిందని నమ్మే గుహకు బల్ల మీద పట్టే నమూనా చేస్తున్నాను. ముందు కొలతలు. విజయవాడ గుణదల కొండ కింద అంగళ్లలో దొరికే లూర్దు మాత స్వరూపాల్లో 10 సెంటీమీటర్లది ఎంచుకున్నాను. ఫ్రాన్సులో, లూర్దు గుహ దగ్గరున్న అసలు పాలరాతి స్వరూపం 1.88 మీటర్లు. అంటే నాది దాదాపు పంతొమ్మిదో వంతు. అక్కడి గుహ ఎత్తు 3.80 మీటర్లు, లోతు 9.50, వెడల్పు 9.85. 19తో భాగిస్తే ఎత్తు 20 సెంటీమీటర్లు, లోతు 50, వెడల్పు 52 వచ్చింది. ఆ గుహ ఉన్న మసాబియెల్ బండ 27 మీటర్ల ఎత్తు ఉంటుంది గానీ, ఆ లెక్కన బల్ల మీద 1.42 మీటర్ల గుట్ట లేపితే ఇంట్లో వాళ్లు ఊరుకోరు. మాత స్వరూపం నిలిపే గూటి పైన జానెడు ఉంచి కోసేశాను.

మన ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) చర్చిల ఆవరణల్లో కట్టే గుహల్లో చాలాచోట్ల మాత నడిమధ్యలో ఉంటుంది. లూర్దులో పెద్ద గుహ ఖాళీ. 1858 ఫిబ్రవరి 11 నుంచి జూలై 16 వరకు బెర్నదెత్ అనే పద్నాలుగేళ్ల అమ్మాయికి 18 సార్లు మాత దర్శనం అయింది మాత్రం ఆ గుహకు కుడిపక్క, పైనున్న చిన్న గూట్లో. జనం నడిచేదీ, బండను తాకుతూ దణ్ణం పెట్టుకునేదీ కింది గుహలో. అందుకే నా పనిలో ఎక్కువ భాగం ఆ ఖాళీకే పోయింది. పైనుంచి చూస్తే లోపలి గోడ ఎవరికీ కనబడదు, అయినా చివరిదాకా చెక్కాను.

బండకు థర్మోకోల్ పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వేడిచేసిన చాకుతో కోశాను. కిటికీ తెరిచి పెట్టుకోండి, ఆ పొగ మంచిది కాదు. అతికించడానికి ఫెవికాల్ చాలు. ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు థర్మోకోల్‌ను తినేస్తుంది. దాని మీద న్యూస్‌పేపరు ముక్కలు, మైదా జిగురుతో మూడు పొరలు. పురుగు పట్టకుండా జిగురులో చిటికెడు మైలుతుత్తం వేశాను. అది విషం, వంటకు వాడని గిన్నెలోనే ఉడికించాలి. ఒక పొర ఆరాకే ఇంకోటి. తొందరపడితే లోపల బూజు పడుతుంది.

రంగు దగ్గర చాలామంది క్రిస్మస్ పాకకు వేసినట్టు మట్టి రంగు కొట్టేస్తారు. లూర్దుది సున్నపురాయి, బూడిద రంగు. మొదట ముదురు బూడిద, ఆరాక నీళ్లలా పలచన చేసిన గోధుమ రంగు పగుళ్లలోకి, చివర దాదాపు ఎండిన కుంచెతో తెలుపు. కొవ్వొత్తుల పొగ తగిలే చోట కాస్త నలుపు. గూటి కింది అడవి గులాబీ పొదకు ఆకుపచ్చ రంగులో ముంచిన స్పాంజి తురుము.

అంగట్లో కొన్న స్వరూపం అంచులకు బంగారు రంగు ఉంది. దాన్ని తెలుపుతో కప్పేసి, నీలి నడికట్టు, పాదాల మీద పసుపు గులాబీలు ఉంచాను. 1864లో లియోన్ శిల్పి ఫాబిష్ చేసిన అసలు స్వరూపం చూసి, తాను చూసిన అమ్మ ఇలా లేదని బెర్నదెత్ పెదవి విరిచిందట! నాకు కాస్త ధైర్యం వచ్చింది.

1858 ఫిబ్రవరి 25న బెర్నదెత్ మట్టి గీకితే నీళ్లు ఊరిన చోటు గుహ లోపల, ఎడమ వైపు. అక్కడ ఇప్పుడు గాజు పలక వేసి దీపం పెట్టారు. నేను గాజు ముక్క అడుగున చిన్న ఎల్‌ఈడీ పెట్టి, వైరు వెనక నుంచి లాగాను. ముందున్న శంకువు ఆకారం కొవ్వొత్తుల స్టాండుకు తీగ చుట్లు, కొవ్వొత్తులకు తెల్ల తొడుగున్న సన్న కరెంటు వైరు ముక్కలు. కొసన కాస్త రాగి బయటికి లాగితే వత్తిలా ఉంటుంది.

మెట్లూ, కొబ్బరికాయలూ, తలనీలాలూ ఏవని పక్కింటావిడ అడిగింది. అవి గుణదలవి. అక్కడ 1924లో ఫాదర్ అర్లాటి కొండ మీద మరియ మాత స్వరూపం పెట్టినప్పటి నుంచి పెరిగిన మొక్కుబడులు అవి. దానికి వేరే పలక, వేరే కొలత కావాలి.

ఫిబ్రవరి 9న గుణదల ఉత్సవాలు మొదలయ్యేలోపు బెర్నదెత్ బొమ్మ పూర్తవ్వాలి. అంగడి సెట్టులో ఆమె మోకరిల్లి కూడా మాత భుజందాకా ఉంది. అసలు ఆమె పొట్టి, 1.40 మీటర్లే. మోకరిల్లితే నా కొలతలో ఐదున్నర సెంటీమీటర్లు. తీగ ఎముకల మీద ఎం-సీల్‌తో కొత్తగా చేస్తున్నాను. గట్టిపడేలోపు మడతలు తీయాలి కాబట్టి పావడా ఒక పూట, తలగుడ్డ ఇంకో పూట.