లైట్ వేస్తే తాతయ్య రాడట

పంజరం దగ్గర రాత్రిపూట బెడ్‌లైట్ పెడదామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. పక్షి మంచి కోసం ఏం చెప్పినా వెంటనే చేసే పిల్ల. పంజరం శుభ్రం చేయడం, నీళ్ళు మార్చడం ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం స్విచ్‌కి అడ్డంగా నిలబడింది. ఎందుకు వద్దంటున్నావని అడగ్గా అడగ్గా చెప్పింది: "లైట్ వేస్తే తాతయ్య రాడు కదా అమ్మా!"

మా నాన్న పోయినప్పుడు నేనొక్కదాన్నే వెళ్ళాను. పిల్లకి స్కూలు, టికెట్లు దొరకలేదు, మా ఆయనకి సెలవు లేదు. ప్రవాసంలో ఉన్నవాళ్ళకి ఈ కారణాలు కొత్త కాదు. తాతయ్య లేడని దానికి తెలుసు కానీ, లేకపోవడం ఎలా ఉంటుందో అది చూడలేదు. దాని వరకూ తాతయ్య ఎప్పుడూ ఫోన్ తెరలోనే ఉండేవాడు, ఇప్పుడు ఆ తెరలోకి రావడం లేదు, అంతే.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మా కాకటీల్ (తలమీద కుచ్చు ఉండే చిన్న చిలుక జాతి పక్షి) బుజ్జి రాత్రిళ్ళు బెదిరి లేవడం మొదలుపెట్టింది. ఇల్లంతా సద్దుమణిగాక ఒక్కసారిగా రెక్కలు ఊచలకి కొట్టుకున్న చప్పుడు, పంజరం అడుగున పడిన చప్పుడు. పగలు కూడా అప్పుడప్పుడు తల పక్కకి వంచి, ఏమీ లేని పైమూలకే చూస్తూ ఉండిపోతుంది. వీడియో కాల్‌లో మా అమ్మ అది గమనించి మనవరాలితో అంది: "పక్షులకి మనకి కనపడనివి కనపడతాయి తల్లీ. మీ తాతయ్యే నిన్ను చూసుకోవడానికి వచ్చుంటారు."

పిల్ల భయపడుతోందనుకుని నేను భయానికి సమాధానాలు సిద్ధం చేసుకున్నాను. అది భయపడటం లేదు. ఎదురుచూస్తోంది. ఈ తేడా నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

అమ్మ చెప్పినదాంట్లో మొదటి వాక్యం అక్షరాలా నిజం. అక్కడిదాకా శాస్త్రం కూడా అమ్మ వైపే ఉంది. మనిషి కంట్లో రంగులు గుర్తుపట్టే కణాలు మూడు రకాలు, పక్షులకి నాలుగు. ఆ నాలుగో రకం వల్ల చిలుక జాతి పక్షులకి మన కంటికి అందని అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) కాంతి కూడా కనపడుతుంది. బడ్జీలనే చిన్న పెంపుడు చిలుకల తలమీది పసుపు ఈకలు ఆ కాంతిని పీల్చుకుని మెరుస్తాయనీ, జతని ఎంచుకునేటప్పుడు అవి ఆ మెరుపుని పట్టించుకుంటాయనీ 2002లో ఒక పరిశోధన వచ్చింది. మనకి ఒకే రంగులో కనపడే గోడ బుజ్జికి అలాగే కనపడాలని లేదు.

మూలకి తదేకంగా చూడటం కూడా అలాంటిదే. బుజ్జి కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. పైన ఏముందో బాగా చూడాలంటే తల వాల్చి ఒక కన్ను పైకి తిప్పాలి. ఆకాశంలో డేగ తిరుగుతోందేమో చూసుకోవాల్సిన పక్షికి ఆ చూపు పుట్టుకతో వచ్చింది. సాలెపురుగు దారం, గోడ మీద పాకే వెలుగు, దూరంగా కిటికీ అద్దంలోంచి పడే ప్రతిబింబం, దానికి ఏదైనా చాలు. దాని చూపు వెంట మనం చూస్తే మనకి ఏమీ కనపడదు. అప్పుడు మన ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక స్పర్శ సంగతి. పక్షుల కాళ్ళలో, ముక్కులో, చర్మంలో హెర్బ్‌స్ట్ కణికలనేవి ఉంటాయి. చాలా సన్నని కంపనాన్ని కూడా అవి పట్టేస్తాయి. కొమ్మ మీద నిద్రపోయే ప్రాణికి ఆ కొమ్మ కదలడమే హెచ్చరిక. వీధి చివర లారీ మలుపు తిరిగినా, గోడలోపల పైపు వేడెక్కి టిక్కుమన్నా మనం నిద్రలోనే ఉంటాం, బుజ్జి మాత్రం లేచి కూర్చుంటుంది. కాకటీల్స్‌కి ఈ రాత్రి బెదురు బాగా ఎక్కువని వాటిని పెంచేవాళ్ళందరికీ తెలుసు. చీకట్లో వాటికి సరిగ్గా కనపడదు. అందుకే బెదిరిన పక్షి ఎటు ఎగరాలో తెలియక ఊచలకి గుద్దుకుంటుంది. కొత్తగా వస్తున్న ఈకల్లో రక్తం ఉంటుంది, అవి విరిగితే కారుతుంది. అందుకే మసక వెలుతురు ఉంచమంటారు. పంజరాన్ని పూర్తిగా కప్పకుండా ఒక పక్క వదలమంటారు, కిటికీకి దూరంగా పెట్టమంటారు. బెదిరినప్పుడు వెంటనే చెయ్యి పెట్టి పట్టుకోకూడదు. లైట్ వేసి, మెల్లగా మాట్లాడుతూ, అది తేరుకున్నాక దెబ్బలేమైనా తగిలాయేమో చూడాలి.

వినికిడి విషయంలో నన్ను బాగా ఆకట్టుకున్నది పావురాల సంగతి. సెకనుకి సుమారు 20 కంపనాల కంటే తక్కువ ధ్వని మన చెవికి అందదు. పావురాలు సెకనుకి ఒక్క కంపనం కూడా లేనంత లోతైన ధ్వనిని పసిగట్టాయని 1979లో ప్రయోగాలు చేసి చూపించారు. 2014 ఏప్రిల్‌లో అమెరికాలోని టెనెసీ కొండల్లో గోల్డెన్ వింగ్డ్ వార్బ్లర్ అనే చిన్న పక్షులు, సుడిగాలుల తుఫాను ఇంకా చాలా దూరంలో ఉండగానే ఆ చోటు వదిలి వెళ్ళిపోయి, అది దాటాక తిరిగొచ్చాయి. ఆ లోతైన ధ్వనే వాటిని లేపి ఉంటుందని పరిశోధకుల అంచనా.

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో విక్ టాండీ అనే ఇంజనీరుకి ప్రయోగశాలలో చలి, దిగులు కలిగేవి, ఒకసారి కంటి కొసన బూడిదరంగు ఆకారం కనపడింది. ఒకరోజు బిగించి ఉంచిన కత్తిసాము కత్తి దానంతటదే వణుకుతుంటే చూసి, వెతికి, కొత్తగా పెట్టిన ఫ్యాన్ వల్ల సెకనుకి దాదాపు 19 కంపనాల ధ్వని గదిలో నిలిచిపోతోందని కనిపెట్టాడు. 1998లో దాని గురించి వ్యాసం రాశాడు. దెయ్యాల కథలన్నిటికీ ఇదే జవాబని నేననను. కానీ మనిషికే ఇలా అనిపిస్తే, అంతకన్నా సున్నితమైన ప్రాణికి ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

అయితే ఇంట్లో ఎవరో ఉన్నట్టు అనిపిస్తోంది, పక్షి కూడా వింతగా ఉంటోంది అనేవాళ్ళకి నేను ముందుగా చెప్పేది ఒకటే: కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు గాలిలో చేరితే మోగే అలారం ఉందో లేదో, పనిచేస్తోందో లేదో ఇవాళే చూడండి. 1921లో విలియం విల్మర్ అనే కంటి డాక్టరు ఒక కుటుంబం కథ ప్రచురించారు. పాత ఇంట్లోకి మారాక వాళ్ళకి తలనొప్పులు, అడుగుల చప్పుళ్ళు, ఎవరో గమనిస్తున్న భావన. పిల్లలు పాలిపోయారు, మొక్కలు వాడిపోయాయి. చివరికి తేలింది ఏమిటంటే ఇంటిని వెచ్చబరిచే కొలిమి పాడై, ఆ విషవాయువు గదుల్లోకి వస్తోంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పక్షి ఊపిరితిత్తుల్లో గాలి ఒకే దిశలో, ఆగకుండా సాగుతుంది కాబట్టి విషం దానికి మనకన్నా ముందే ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గుగనుల్లో 1986 దాకా కానరీలని తీసుకెళ్ళింది అందుకే. వంటింట్లో నాన్‌స్టిక్ పాన్ మాడిపోయేంత వేడెక్కినా ఆ పొగ పక్షిని చంపేస్తుంది. పక్షి మగతగా ఉన్నా, ఆయాసపడుతున్నా దాన్ని వేరేదేదో అనుకుని ఊరుకోకూడదు.

ఇదంతా మా అమ్మాయికి దాని వయసుకి తగ్గట్టు చెప్పాను. శ్రద్ధగా వింది. పావురాల గురించి మళ్ళీ మళ్ళీ అడిగింది. చివర్లో అంది: "అయితే అమ్మమ్మ అబద్ధం చెప్పిందా?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. పిల్ల దేనికైనా ఆధారం అడగాలని పట్టుబట్టేది నేనే. అమ్మమ్మతో వారం వారం మాట్లాడాలనీ, ఆవిడ చెప్పేవి వినాలనీ పట్టుబట్టేదీ నేనే. ఈ రెండు పట్టుదలలూ ఇలా ఎదురెదురు పడతాయని నాకు తట్టలేదు. స్కూల్లో నేర్చుకున్నదే నిజం, తెర అవతలి నుంచి వచ్చేదంతా కట్టుకథ అని పిల్ల మనసులో స్థిరపడిపోతే, తర్వాత ఆ కాల్స్ మర్యాద కోసం మాత్రమే మిగులుతాయి. అలా జరిగిన ఇళ్ళు చూశాను. అమ్మకి ఫోన్ చేసి "పిల్లకి ఇలాంటివి చెప్పకు" అందామనుకున్నాను. కానీ ఆవిడ మనవరాలిని ఓదార్చడానికే ఆ మాట అందా, తనని తాను ఓదార్చుకోవడానికా? నలభై ఏళ్ళకి పైగా కలిసి బతికిన మనిషి పోయాక ఆవిడ ఏం నమ్మాలో చెప్పడానికి నేనెవర్ని?

పైగా నా సంగతి. పగలు హెర్బ్‌స్ట్ కణికల గురించి చెప్పిన నేనే, రాత్రి రెక్కల చప్పుడికి లేచి హాల్లోకి వెళ్ళి, పక్షి వైపు చూసేలోపే ఆ మూల వైపు చూస్తాను. ఏమీ ఉండదు. ఏమీ లేదని తెలిసినందుకు నాకు ఊరట కలగదు.

తోటి తల్లులు కొందరు సలహా ఇచ్చారు: "కొందరు ఇలా నమ్ముతారు, కొందరు అలా నమ్ముతారు అని చెప్పి వదిలెయ్." నేను కూడా వేరేవాళ్ళకి ఇలాగే చెప్పి ఉంటాను. కానీ మా అమ్మాయి అడిగేది అందరి నమ్మకాల గురించి కాదు. తాతయ్య వస్తాడా రాడా అని అడుగుతోంది. పక్షులు దెయ్యాలని గుర్తుపడతాయని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు, నాకు తెలిసిన నిజం ఇది. చెప్పాను కూడా. "రుజువు చేయలేదంటే లేనట్టా?" అని తిరిగి అడిగింది. ఆధారం అడగడం నేర్పితే ప్రశ్న ఇటు నుంచి కూడా వస్తుంది.

లైట్ విషయం మాత్రం తేలిపోయింది. ఒక రాత్రి బుజ్జి రెక్కలో ఈక విరిగి రక్తం కారింది. అది చూశాక పిల్ల తనే వెళ్ళి స్విచ్ వేసింది. బుజ్జికి దెబ్బ తగిలితే తాతయ్యకి నచ్చదని తనే నిర్ణయించుకుంది. అప్పట్నించి బెదుర్లు తగ్గాయి.

ఇప్పుడు పిల్లకి ఇంకో ఆలోచన వచ్చింది. పాత వీడియోల్లో మా నాన్న ఈల వేస్తూ దాన్ని పిలిచేది ఒకటి ఉంది. ఆ ఈల బుజ్జికి నేర్పుదామంటోంది. మగ కాకటీల్స్ ఈలలు బాగా పట్టుకుంటాయి, రోజూ వినిపిస్తే వచ్చేస్తుంది. బాగా చూసుకుంటే ఈ పక్షులు 15, 20 ఏళ్ళు బతుకుతాయి. ఒకసారి నేర్చుకుంటే ఆ ఈల ఇంట్లో ఎప్పుడు వినపడుతుందో మన చేతిలో ఉండదు. పొద్దున్నే హడావుడిలో వినపడొచ్చు, పిల్ల పెద్దదై ఇల్లు వదిలి వెళ్ళాక వినపడొచ్చు, అమ్మ వీడియో కాల్‌లో ఉన్నప్పుడూ వినపడొచ్చు. అమ్మ దాన్ని ఎలా తీసుకుంటుందో నాకు తెలియదు. సరే అనలేదు, వద్దనలేదు. ముందు అమ్మమ్మని అడుగుదామని చెప్పాను. ఈ ఆదివారం తనే అడుగుతానంటోంది.