కాస్తెల్నోదారిలో జాకీదే రాజ్యం

దక్షిణ ఫ్రాన్సులో టులూజ్ నుంచి కార్కసోన్ వెళ్ళే రైలు కాస్తెల్నోదారి అనే ఊళ్ళో ఆగిపోయింది. ముందు ఎక్కడో పట్టాల మీద చెట్టు పడిందట. తర్వాతి రైలు ఎప్పుడో చెప్పే నాథుడు లేడు. ఇద్దరికీ కలిపి పోసిన టికెట్ డబ్బులు తలచుకుంటే ఒళ్ళు మండింది. దానికి తోడు ఆ ప్రాంతంలో ఒతాన్ అని ఆగ్నేయం నుంచి వీచే గాలి ఒకటుంది. మనుషులకు పిచ్చెక్కిస్తుందని అక్కడివాళ్ళే అంటారు. అరగంట నడిచేసరికి నాకూ నమ్మకం కుదిరింది.

కనాల్ ద్యు మిది అనే పాత కాలువ ఈ ఊళ్ళో చెరువంత వెడల్పవుతుంది. 1681లో పూర్తయిన కాలువ అది, ఇప్పుడు యునెస్కో జాబితాలో ఉంది. ఇంకో రోజైతే గట్టు మీద గంట కూర్చునేవాణ్ణి. ఆ గాలికి నిలబడలేక మా అబ్బాయీ నేనూ దగ్గర్లో ఉన్న కెఫేలో దూరాం. ఈ ఊరు కసూలేకి పేరు మోసింది. తెల్ల చిక్కుళ్ళు, బాతు మాంసం, పంది సాసేజీ కలిపి గంటల తరబడి ఉడికిస్తారు. ప్లేటు ఇరవై యూరోల పైమాటే. మావాడు శాకాహారి, నాకు పంది పడదు. కాఫీలతో సరిపెట్టుకున్నాం.

మూల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి నలుగురు పేకాడుతున్నారు, ముగ్గురు మగవాళ్ళు, ఒక పెద్దావిడ. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. నేను పదే పదే అటు చూడడం గమనించి ఆవిడ కుర్చీ వైపు చెయ్యి చూపించింది. "నాన్నా, కూర్చోమంటున్నారు" అన్నాడు మావాడు.

ఆట పేరు బెలోత్. ఇంగ్లీషు పుస్తకాల్లో కూడా దీనికి వేరే పేరు లేదు, బెలోట్ అనే రాస్తారు. ముక్కల మూలల్లో మనకు అలవాటైన జె, క్యూ, కె ఉండవు. జాకీ మీద వి, రాణి మీద డి, రాజు మీద ఆర్ ఉంటాయి. ఆసు మీద ఒకటి అంకె. బొమ్మల పక్కన పేర్లు కూడా అచ్చేస్తారు. ఆటీన్ రాజు షార్ల్, ఇస్పేట్ రాజు డావిడ్, డైమన్ రాజు సేజార్.

మనిషికి అయిదేసి ముక్కలు పంచి, ఒక ముక్క తిప్పి బల్ల మీద పెట్టారు. ఆటీన్ ఎనిమిది. ఆవిడ తీసుకుంటానంది. అంటే ఆటీన్ తురుపు, సగానికి పైగా పాయింట్లు తేవలసిన పూచీ ఆవిడ జట్టుది. మిగతా ముక్కలు పంచగానే ఆవిడ మొదటి దెబ్బ ఆటీన్ జాకీతో కొట్టింది, రెండోది తొమ్మిదితో. అవతలి జట్టులో ఒకాయన చేతిలోని ఆసు ఆ తొమ్మిది కింద పడిపోయింది.

నా గుండె ఝల్లుమంది. ఇది మా చిన్నప్పటి పేకాట, ట్వెంటీ నైన్!

నేను పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో. నాన్న వర్క్‌షాపులో పనిచేసేవారు. ఆదివారం వస్తే వరండాలో చాప పడేది, ఇద్దరు తెలుగువాళ్ళు, ఇద్దరు బెంగాలీలు. అక్కడా ముప్ఫై రెండు ముక్కలే, పంపకం కుడివైపుకే, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు జట్టు. జాకీకి మూడు, తొమ్మిదికి రెండు, ఆసుకీ పదికీ ఒక్కొక్కటి, రాజుకీ రాణికీ సున్నా. బెలోత్‌లో తురుపు జాకీ ఇరవై, తొమ్మిది పద్నాలుగు, ఆసు పదకొండు, పది పదే. తురుపు రాజూ రాణీ ఒకే చేతిలో పడితే మేం పెయిర్ అని చూపించేవాళ్ళం. ఇక్కడ మొదటిది వేస్తూ "బెలోత్", రెండోది వేస్తూ "రెబెలోత్" అంటారు, ఇరవై పాయింట్లు కలుస్తాయి. స్విస్ వాళ్ళ జాస్, డచ్చివాళ్ళ క్లావర్‌యాస్ ఇవన్నీ ఒకే వంశం. ఫ్రాన్సులో బెలోత్ నియమాలు 1921లో అచ్చయ్యాయి. సౌదీలో వీధి వీధినా ఆడే బలూత్ కూడా దీని చుట్టమే, గల్ఫ్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు చూసే ఉంటారు.

రెండు తేడాలు మాత్రం గట్టివే. ట్వెంటీ నైన్‌లో తురుపు దాచిపెడతాం, ఇక్కడ అంతా బాహాటం. అడిగిన రంగు లేకపోతే మాకు తురుపు వెయ్యడం మన ఇష్టం. ఇక్కడ జతగాడు గెలుస్తుంటే తప్ప వేసి తీరాలి. ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య ముక్కలు కలపరు కూడా. పోగుచేసి ఒక్క కోత కోసి పంచేస్తారు. అందుకే ఒకే రంగు గుత్తులుగా వచ్చి చేతులు అంత పదునుగా ఉంటాయి.

చివరి పట్టు వచ్చేసరికి ఆవిడ జట్టుకు 78, అవతలివాళ్ళకు 74. మిగిలిన నాలుగు ముక్కలూ ఉత్త సున్నాలే. కానీ చివరి పట్టుకు పది పాయింట్లుంటాయి. కళావర్ తొమ్మిదితో అవతలాయన అది లాగేశాడు. 84. పూచీ తప్పింది కాబట్టి మొత్తం 162 వాళ్ళకే. ఆవిడ జతగాడు ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు, పలక మీద అంకె వేసి ముక్కలు చేతికిచ్చాడు. మా నాన్న జతగా ఆడేటప్పుడు సరిగ్గా ఇలాగే ఉండేవారు. చివరి పట్టుకున్న ఆ ఒక్క పాయింటుతో ఆట పోయినా మాట తూలేవారు కాదు.

బల్ల మీద ఒక్క నాణెం లేదు. పక్కన గోడకు బెలోత్ పోటీ కాగితం అంటించి ఉంది, మొదటి బహుమతి పంది తొడ. మన దగ్గర పేక అనగానే పత్తాలు, పందేలు, "పేకాటరాయుళ్ళ అరెస్ట్" అన్న వార్తే గుర్తొస్తాయి. రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆటేనని సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పేకముక్కలు చేతపట్టిన ముసలివాళ్ళకు మనం ఇలా ఒక వెలుతురున్న మూల, నాలుగు కుర్చీలు ఇవ్వలేకపోయాం. నాకు నిజంగా బాధేసింది.

ఒకాయన మందులేసుకోవడానికి లేస్తే నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. భాష రాకపోయినా రెండు ఆటలు సాఫీగా సాగాయి. కార్కసోన్ కోట సాయంత్రం చూశాం, బాగుంది.

రాత్రి ఖరగ్‌పూర్‌లో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. అంతా విని, "తురుపు దాచకపోతే అదేం ఆటరా!" అన్నాడు. మర్నాడు పొద్దున్నే వాడి దగ్గర్నుంచి మెసేజ్: "వచ్చేటప్పుడు ఆ ముక్కలు ఒక కట్ట పట్రా."