ఉయ్యాల కార్డు

"ఈరోజు ఉయ్యాల లేదు నాన్నా, వాన" అని చెప్పేలోపే, మాటలు రాని మా క్లాసు పిల్లాడు గోడ దగ్గరికి వెళ్ళాడు. రోజులో దేని తర్వాత ఏముందో బొమ్మల కార్డులతో చూపే వెల్క్రో పట్టీ మీంచి ఉయ్యాల కార్డు పీకి నా చేతిలో పెట్టాడు. దాని చోట పూసల డబ్బా కార్డు అతికించాడు. ఏడవలేదు, చెవులు మూసుకోలేదు.

జూన్‌లో పిల్లలందరికీ ఒకటే బొమ్మల చార్టు పెట్టాను. అందులోని కార్టూన్ పళ్ళెం అన్నానికి గుర్తని వీడికి తెలియలేదు. తర్వాత వాడి సొంత స్టీలు కంచం, నీలం చెప్పులు ఫొటో తీసి పెట్టాం. మొదట రెండే కార్డులు: ఇప్పుడు, తర్వాత. మూడోది చేర్చడానికి రెండు నెలలు పట్టింది.

మాటలు రాని పిల్లాడికి మొండివాడని పేరు పెట్టేస్తాం. తర్వాత ఏం జరుగుతుందో తెలియకుండా రోజంతా గడపాలంటే ఎవరికైనా టెన్షనే కదా.

సాయంత్రం వాళ్ళమ్మ ఇంటి మెట్ల ఫొటో పంపింది. "మేడమ్, ఇది కూడా కార్డు చేయండి, చివర్లో పెట్టడానికి" అని.